తలవైపు ఎర్రదారం

మంగతాయారు నోటికి తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు మొత్తం జడిసేది. ఇందులో నేను కలిపి చెబుతున్నదేమీ లేదు. మహారాష్ట్ర నుంచి లారీ తోలుకొచ్చే డ్రైవరుకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ఆవిడ కొట్టు గుమ్మంలోకి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుందంటే, తడిసిన బస్తాలు తనంతట తనే పక్కకి తీసేసేవాడు. మొగుడు శ్రీరాములు గల్లాపెట్టె దగ్గర కూర్చుని తలాడించడం తప్ప ఇంకో పని ఎరగడు. "మా కొట్టుకి తాళం ఎందుకండి, మా ఆవిడ నోరుంది కదా" అని నవ్వుతూ ఆయనే చెప్పేవాడు. అంతటి నోరు, కావలసిన ఒక్క రోజున పనికి రాలేదు. పనికి రాకపోవడం కాదు, అంతకంటే పాడు పనే చేసింది.

కూతురు సుష్మితకి ఉండి అనే ఊరి సంబంధం కుదిరింది. అబ్బాయి వాళ్ళకి అక్కడ చేపల మేత ఏజెన్సీ. చుట్టుపక్కల చెరువులున్న రైతులంతా వాళ్ళ గుమ్మం ఎక్కాల్సిందే. మంచం, బీరువా, పరుపు అన్నీ ఆన్‌లైన్లో తెప్పించేద్దామని కొడుకు సాయిగణేష్ అన్నాడు. పరుపు డబ్బాలో చుట్టి వస్తుందట, విప్పగానే పొంగుతుందట, పదేళ్ళ గ్యారంటీ అట.

"పొంగడానికి అదేమన్నా పూరీ ఏంట్రా?" అంది మంగతాయారు. "ఈ ఇంట్లో పెళ్ళి పరుపు ఇంటి డాబా మీద మన కళ్ళ ముందు కుట్టించాలి. మా అత్తగారు అలాగే చేయించారు, ఆవిడ అత్తగారూ అలాగే చేయించారు. నీ గ్యారంటీ నువ్వే ఉంచుకో."

ఆ ఆచారం ప్రకారమే దూదేకుల మస్తాన్‌కి కబురు వెళ్ళింది. రైల్వే గేటు అవతల చిన్న షాపు అతనిది. ఒక మూల దూది ఏకే మిషను, ఇంకో మూల భార్య రహీమా దిండు గలేబులు కుట్టే మిషను. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట మంగతాయారు పెళ్ళికి పరుపు కుట్టింది మస్తాన్ తండ్రి. అప్పుడు తండ్రి పక్కన కూర్చుని దబ్బనానికి దారం ఎక్కించినవాడు మస్తాన్. ఇప్పుడతనికి యాభై దాటాయి. పుట్టి బుద్ధెరిగాక ఇంట్లో మాట్లాడింది తెలుగే, ఉర్దూ ఒక్క ముక్క రాదు. ఏలూరులో తివాచీలు నేసే తోడల్లుడు ఫారూఖ్ ఆ మాట ఎత్తి ఎప్పుడూ దెప్పుతుండేవాడు. "మీ దూదేకులోళ్ళు అటూ కారు, ఇటూ కారు. నమాజు అర్థం తెలీదు గానీ పెళ్ళిళ్ళ పరుపులు మాత్రం కుడతారు" అనేవాడు. ఇటు గూడెం మార్కెట్లో మాత్రం అతన్ని అందరూ "ఏం సాయిబూ" అనేవారు. పాపం అతను అక్కడ సాయిబు కాదు, ఇక్కడ సాయిబు తప్ప ఇంకేమీ కాదు.

మూడు రోజులు డాబా మీద పని జరిగింది. చింతలపూడి వైపు నుంచి తెప్పించిన బూరుగు దూది పాలనురగలా కుప్పపోసి ఉంది. మొదటి రోజు మంగతాయారు కుప్ప మీద పసుపూ కుంకుమా చల్లి దణ్ణం పెట్టింది. మస్తాన్ కూడా తల వంచి దణ్ణం పెట్టాడు. ఆ తరవాత కాఫీ వచ్చింది. మస్తాన్‌కిచ్చే స్టీలు గ్లాసు మెట్ల కింద గూట్లో వేరే ఉంటుంది. తాగి, కుళాయి దగ్గర తనే కడిగి, మళ్ళీ ఆ గూట్లోనే బోర్లించి వెళ్ళాలి. అతని తండ్రీ అలాగే చేశాడు. ఇందులో వింతేమిటని మంగతాయారుకి ఏనాడూ తోచలేదు, మస్తాన్‌కి తోచినా పైకి అనలేదు.

సాయిగణేష్‌కి మాత్రం మస్తాన్ మెట్లెక్కడమే ఇష్టం లేదు. వట్లూరు కాలేజీలో ఇంజనీరింగు పూర్తిచేసి వచ్చి, పొద్దున్న కొట్లో కూర్చుని, సాయంత్రాలు స్నేహితులతో తిరిగేవాడు. రెండేళ్ళుగా ఆ తిరుగుడు వేరే దారి పట్టింది. మన పండక్కి మన కొట్లోనే కొనండని కాగితాలు అంటించడం, ఏ బండి ఎవరిదో ఏ షాపు ఎవరిదో ఆరా తీసి ఫోన్లో జాబితాలు పెట్టడం.

"వీళ్ళని ఇంట్లోకి రానివ్వకమ్మా, ఏకై వచ్చి మేకై కూర్చుంటారు" అన్నాడు తల్లితో.

"దూదేకులవాడి గురించి ఏకు సామెత చెప్పొచ్చావా? పోరా, పోయి బస్తాలు చూసుకో" అని ఆవిడ నవ్వేసింది. కొడుకు మాటల్ని ఆవిడ కుర్రతనం కింద కట్టేసేది. తన నోటికి తిరుగులేనప్పుడు వాడి మాటలెంత అనుకునేది.

రెండో రోజు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి, మంగతాయారు డాబా మీదకి వచ్చింది. కొంగుచాటు నుంచి ఎర్రగుడ్డలో చుట్టిన చిన్న రాగి తాయెత్తు తీసింది. ఏలూరు దర్గా నుంచి ఆవిడ అడిగితే అంతకుముందు శుక్రవారం రహీమా తెచ్చిపెట్టింది.

దీని వెనక ఒక కథ ఉంది. మంగతాయారు కాపురానికొచ్చిన కొత్తలో రెండుసార్లు కడుపు నిలవలేదు. అత్తగారు వెంకటరత్నమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, కొడుకు శ్రీరాముల్ని వెంటబెట్టుకుని, బస్సులో ఏలూరు దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు రాయించింది. మస్తాన్ తండ్రి పరుపు మూల విప్పి దాన్ని దూదిలో పెట్టి కుట్టాడు. ఏడాది తిరక్కుండా సాయిగణేష్ పుట్టాడు. అప్పటినుంచీ పరుపు మళ్ళీ ఏకించినప్పుడల్లా ఆ తాయెత్తు తీయడం, కొత్త దూదిలో మళ్ళీ పెట్టడం. ముందు తండ్రి పెట్టాడు, తరవాత మస్తాన్ పెట్టాడు. ఇప్పుడు సుష్మితకి స్కానింగులో నీటి బుడగలున్నాయని డాక్టరమ్మ చెప్పింది, మందులు వాడితే పోతాయంది. తల్లి మనసుకి మందులు చాలలేదు.

"అమ్మగారూ, వద్దండి" అన్నాడు మస్తాన్. "ఆ రోజులు వేరండి. బాబుగారికి తెలిస్తే ఊరుకోరు."

"వాడికెవరు చెబుతారు? నువ్వు చెబుతావా?"

"నేనెందుకు చెబుతానండి. బయటపడిందంటే ముందు నా పీక మీదికొస్తుందండి."

"నేను చచ్చిపోయానా ఏంటి? నేనున్నాను కదా. ఎవడేమంటాడో చూస్తాను. పిల్ల కడుపు పండాలి మస్తానూ, నీ చేత్తో పెట్టు."

ఆ మాట మీద అతను ఇంకేం అంటాడు. "ఆయ్, అలాగేనండి" అని తాయెత్తు కళ్ళకద్దుకుని, పరుపు మూలన దూది మధ్యలో పెట్టాడు. టాకాలన్నీ తెల్లదారంతో వేసి, ఆ ఒక్క మూల మాత్రం ఎర్రదారంతో మూశాడు.

"ఎర్రదారం ఎందుకు, అన్నింటికీ తెల్లదే వెయ్యి. కనిపిస్తుంది" అంది మంగతాయారు.

మస్తాన్ దబ్బనం ఆపాడు. "లోపల దేవుడి పేరుందండి. తలవైపేదో తెలియకపోతే రేపు ఎవరో ఒకరు అటు కాళ్ళు పెట్టుకుంటారు. పాపం కదండి. మా నాన్న కూడా మీ పరుపుకి ఇలాగే మూశాడు." ఏం చెప్పినా అతను ఎప్పుడూ వినేవాడు, ఆ ఒక్కదానికి మాత్రం వినలేదు. సరేలే, దారం ఎవడు చూడొచ్చాడని ఆవిడ ఊరుకుంది.

పెళ్ళి మూడు రోజులుందనగా, గురువారం పొద్దున్న సామాను ఉండికి బయలుదేరింది. ఇంటి ముందు మినీ వ్యాను ఆగింది. సామాను దగ్గరుండి తీసుకెళ్ళడానికి పెళ్ళికొడుకు మేనమామ మధుబాబు వచ్చాడు. పక్కింటి సుబ్బాయమ్మ అరుగు మీద కూర్చుని ఏమేం ఎక్కిస్తున్నారో లెక్క చూస్తోంది. పరుపు గడప దాటే రోజున కుట్టినవాళ్ళకి తాంబూలమూ కొత్తబట్టలూ ఇవ్వడం ఆ ఇంటి ఆనవాయితీ కాబట్టి, మస్తాన్, రహీమా కూడా తల స్నానం చేసి, ఉన్నవాటిలో మంచివి కట్టుకుని వచ్చి నిలబడ్డారు. మంగతాయారు పళ్ళెంలో పంచె, జాకెట్టు ముక్క, తమలపాకులు, అరటిపళ్ళు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

సాయిగణేష్, అతని స్నేహితులిద్దరూ పరుపు ఎత్తారు. ఒక స్నేహితుడి చెయ్యి ఆ మూలన పడింది.

"ఇదేంట్రా, ఇక్కడ గట్టిగా ఉంది. దారం కూడా ఎర్రది" అన్నాడు.

సాయిగణేష్ పరుపు కిందకి దించాడు. జేబులోంచి బస్తాలు కోసే చాకు తీశాడు. "ఒరేయ్, కొత్త పరుపురా" అని మంగతాయారు అనేలోపే మూల బర్రున చీరేశాడు. దూది బయటికొచ్చింది. దూదితో పాటు తాయెత్తు సిమెంటు మీద పడి దొర్లుకుంటూ వెళ్ళి మధుబాబు చెప్పు దగ్గర ఆగింది.

మధుబాబు దాన్ని తీయలేదు. చెప్పుతో కాస్త పక్కకి జరిపాడు. "ఏవండీ బావగారూ, మా ఇంటికి పంపించే సామాన్లో ఇదేంటండి?" అన్నాడు ఎంతో మెత్తగా. మన గోదావరి జిల్లాల మర్యాద అది. పీక కోసేటప్పుడు కూడా అండీ అనడం మానరు.

శ్రీరాములు దానికేసి చూశాడు, అదేమిటో తెలిసింది. తెలిసినవాడు ఫోను తీసి అందులోకి చూడడం మొదలెట్టాడు.

సాయిగణేష్ తాయెత్తు అందుకుని దాని గొట్టం విప్పాడు. లోపల మడతపెట్టిన కాగితం, దాని మీద అరబ్బీ రాత. స్నేహితుడు అప్పటికే వీడియో తీస్తున్నాడు. "చేతబడి" అన్నాడు సాయిగణేష్, తల్లితో కాదు, ఫోనుతో. "మా చెల్లెలి పెళ్ళి పరుపులో చేతబడి చేశారు. చూడండి." తరవాత మస్తాన్ చొక్కా పట్టుకున్నాడు. పోయిన దసరా దాకా మస్తాన్ గారూ అని పిలిచిన పిల్లవాడు. "ఎవడు పెట్టమన్నాడ్రా నిన్ను?"

మస్తాన్ ఒక్కసారి తలెత్తి మంగతాయారు వైపు చూశాడు. చూసి, మళ్ళీ తల దించుకున్నాడు. ఆవిడ చెబుతుందనే ధైర్యంతో దించుకున్నాడు.

ఆగలేనిది రహీమా. "ఆయన్నెందుకండీ పట్టుకుంటారు? అమ్మగారు అడిగితేనే ఏలూరు వెళ్ళి తెచ్చానండి నేను. పాపగారి మంచి కోసమండి. చెప్పండమ్మా."

అందరూ మంగతాయారు వైపు తిరిగారు. సుబ్బాయమ్మ తిరిగింది, మధుబాబు తిరిగాడు, ఫోను కూడా తిరిగింది. మేడ మీద కిటికీలో నలుగుపిండి మొహంతో సుష్మిత నిలబడి ఉంది. ఔను నేనే అంటే మధుబాబు ఊరుకుంటాడా? పిల్లకేం లోపం ఉంటే తాయెత్తు పెట్టారని అడగడూ? ఉండి దాకా ఎందుకు, వ్యాను గేటు దాటకముందే సంబంధం దాటిపోతుంది. ఇంకో పక్క ఆవిడకి మస్తాన్ మీద ఒళ్ళు మండింది. ఆ ముదనష్టపు ఎర్రదారం వెయ్యకపోతే ఏం పోయింది ఇతనికి? తన భయం మీద రావలసిన కోపం అతని దారం మీదికి పోయింది. మనుషులకి అది చాలా తేలిక.

"నాకేం తెలుసు?" అంది మంగతాయారు.

అక్కడితో ఆగినా కొంత నయం. ఆగే నోరు కాదు కదా. "నేనెందుకు అడుగుతాను? పనికి పిలిచి కాఫీ పోసిన పాపానికి నా మీదకే తోస్తారా? ఇలాంటివాళ్ళనా నేను ఇన్నాళ్ళూ నమ్మింది" అంది, మార్కెట్లో డ్రైవర్లని అనే గొంతుతోనే.

మస్తాన్ "పద" అన్నాడు భార్యతో, నిదానంగా. వెళ్ళనివ్వలేదు. చెంప మీద మొదటి దెబ్బ సాయిగణేష్ కొట్టాడు. మిగతావి ఎవరు కొట్టారో చెప్పడం కష్టం, వీధిలో పోయేవాళ్ళూ ఓ చెయ్యి వేశారు. పడిపోకుండా మస్తాన్ వ్యాను అంచు పట్టుకున్నాడు. ఎవరో వెనక తలుపు ఎత్తి గట్టిగా వేశారు. కుడిచేతి వేళ్ళు రెండు మధ్యలో పడ్డాయి. అప్పుడతను వేసిన కేక మంగతాయారు చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. శ్రీరాములు ఫోను జేబులో పెట్టుకుని "చాలు, చాలు, ఇంక వదిలెయ్యండి, మార్కెట్టు టైమవుతోంది" అన్నాడు. తాంబూలం పళ్ళెం ఆవిడ చేతిలో అలాగే ఉంది.

డబ్బాలో పరుపు వచ్చింది. విప్పితే పొంగింది. పెళ్ళి బాగానే జరిగింది.

వీడియో మాత్రం పెళ్ళి కంటే బాగా జరిగింది. "మీ ఇంటి పరుపులో ఏముందో చూసుకున్నారా?" అని పైన రాసి ఎవరో వదిలితే, పది రోజుల్లో గూడెంలో ఫోనున్న ప్రతివాడూ చూశాడు. ఆ పైన జనానికి పిచ్చెక్కింది. మస్తాన్ కుట్టిన పరుపులు, వాళ్ళ నాన్న కుట్టిన బొంతలు, తలగడలు, ఉయ్యాల్లో పసిపిల్లల మెత్తలు, అన్నీ వీధిలోకి లాగి చీరడమే. గాలికి దూది లేచి కరెంటు తీగలకి పట్టుకుంది, మురిక్కాలవల్లో తేలింది. ఒకరికి పిన్నీసు దొరికింది. ఒకరికి పాత బస్సు టిక్కెట్టు. ఇంకొకరికి పదిహేనేళ్ళ కిందట పోయిన ముక్కుపుడక దొరికితే, అప్పట్లో ఆ నేరం మోసి వెళ్ళిపోయిన పనిమనిషి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. తాయెత్తు ఎవరికీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి ఇంకా లోతుగా దాచి ఉంటాడని అనుకున్నారు.

మంగతాయారుకి అన్నం సహించలేదు. ఎవరింటి ముందు దూది కనిపించినా పక్క వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్ళేది. సంబంధం నిలబడింది, పిల్ల కాపురానికి వెళ్ళింది, ఇప్పుడు చెబితే ఏమవుతుందని ఒకసారి అనుకునేది. ఇప్పుడు చెబితే మటుకు మస్తాన్ వేళ్ళు వస్తాయా అని ఇంకోసారి అనుకునేది. పదహారు రోజుల పండగ అయిన మర్నాడు ధైర్యం చేసి, స్టీలు డబ్బాలో లడ్డూలూ కాజాలూ పెట్టుకుని, రైల్వే గేటు దాటి మస్తాన్ షాపుకి వెళ్ళింది.

షట్టరు సగం దించి ఉంది. రహీమా సామాన్లు మూటలు కడుతోంది. షాపు గలాయన ఖాళీ చెయ్యమన్నాడు. "మీరు మంచివాళ్ళేనండి, కానీ నా షాపు అద్దాలు పగిలితే ఎవరిస్తారండి" అన్నాడట. మస్తాన్ లోపల గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. కుడిచేతికి కట్టు. ఆవిడ వచ్చిందని తెలిసి కూడా ఇటు తిరగలేదు.

"కూర్చోండమ్మా" అంది రహీమా. మూట పక్కకి జరిపి కుర్చీ వేసింది. బయట కొట్టుకి వెళ్ళి కాగితం గ్లాసు కొనుక్కొచ్చి అందులో మంచినీళ్ళు పోసి ఇచ్చింది. "మా గ్లాసులో తాగరు కదండి."

మంగతాయారు గ్లాసు పట్టుకుంది, తాగలేకపోయింది. "రహీమా, నేను తప్పు చేశాను. ఆ రోజు భయపడ్డాను. పిల్ల పెళ్ళి చెడిపోతుందని..."

"ఆయ్, తెలుసండి."

"వేళ్ళకి ఎంతయినా సరే, డాక్టరుకి నేను..."

"రెండు వేళ్ళూ ఇంక వంగవన్నారండి. దబ్బనం పట్టుకోవడం కుదరదండి. మా బావ ఫారూఖ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతున్నాం, తివాచీల మగ్గాల దగ్గర ఊడ్చే పనేదో చూస్తానన్నాడు. దాంతోపాటు నాలుగు మాటలూ అంటాడు. తాయెత్తులూ గీయెత్తులూ అసలు మన మతంలో లేవు, మీ దూదేకులోళ్ళే తెచ్చిపెట్టారు, అనుభవించండి అని. అది ఈయన పడాల్సిందేనండి." రహీమా గొంతు పెంచలేదు. ఒక్క అండీ కూడా తగ్గించలేదు. "డబ్బా తీసుకెళ్ళండమ్మా. మీరిప్పుడు చెప్పిన మాట మాకు తెలిసిందే కదండి. తెలియనివాళ్ళకి చెప్పండి. ఎక్కడ కాదన్నారో అక్కడ, ఆ ఫోను ముందర చెప్పండి. అప్పుడు మీ లడ్డూ తింటాను."

మంగతాయారు డబ్బా పట్టుకుని ఆటో ఎక్కింది. రహీమా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది, తిట్టుకి తిట్టు ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉంటుంది. దీనికేం లేదు. ఆటో గేటు దగ్గర ఆగినంతసేపూ ఏడ్చింది. రైలు వెళ్ళాక కళ్ళు తుడుచుకుంది. చెప్పేస్తాను, కొడుకయినా సరే, ఊరయినా సరే, నా నోటికి అడ్డేమిటని గట్టిగా అనుకుంది. వీధి మొదట్లోకి వచ్చేసరికి ఆ అవకాశం ఆవిడ కోసమే కాచుకుని ఉంది.

వాళ్ళింటి ముందు జనం. నడివీధిలో ఆవిడ పెళ్ళి పరుపు. సాయిగణేష్ దాన్ని అప్పటికే చీరాడు. ఒక చేతిలో వెలిసిపోయిన ఎర్రదారం ముక్క, ఇంకో చేతిలో నల్లబడ్డ రాగి తాయెత్తు. స్నేహితుడు ఫోను పట్టుకున్నాడు, లైవ్ నడుస్తోంది.

"మా అమ్మానాన్న పడుకునే పరుపులో ఇది" అంటున్నాడు సాయిగణేష్. "ఎన్నేళ్ళ నుంచి ఉందో చూడండి. ఏకడానికని వచ్చి ప్రతిసారీ మళ్ళీ పెట్టి వెళ్ళేవాళ్ళు. మేం నమ్మి ఇంట్లోకి రానిచ్చాం."

మంగతాయారు ఆటో దిగి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఫోనుకి ఎదురుగా నిలబడింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఒరేయ్, అది నువ్వు పుట్టాలని పెట్టించుకున్నాన్రా" అంది. "నీకు ముందు ఇద్దరు పోయారు. మీ నాన్నమ్మ ఏలూరు తీసుకెళ్ళింది. అది పెట్టాకే నువ్వు కడుపున పడ్డావు. చెల్లెలి పరుపులోదీ నేనే పెట్టించాను. మస్తాన్ వద్దన్నాడు, నేను వినలేదు. ఆ రోజు ఇక్కడే నిలబడి అబద్ధం ఆడాను. తప్పంతా నాది. అందరూ వినండి."

సాయిగణేష్ తల్లి మొహంలోకి చూశాడు. తరవాత తన చేతిలో ఉన్న తాయెత్తు వైపు చూశాడు. వాడు నమ్మాడు. కన్నతల్లికి తెలియదా, వాడు నమ్మాడని ఆవిడకి తెలిసింది. తాయెత్తు పట్టుకున్న చెయ్యి కిందకి దిగింది. "నిజమేనా అమ్మా?" అన్నాడు, పెదవులు కదిలాయంతే.

"లైవ్‌లో ఉన్నాంరా" అన్నాడు స్నేహితుడు.

సాయిగణేష్ ఫోను వైపు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరగలేదు. "చూశారా?" అన్నాడు. గొంతు వణికింది, ఆ వణుకు కూడా వాడికి కలిసొచ్చింది. "మా అమ్మ చేత ఎలా మాట్లాడిస్తున్నారో చూశారా? ఇరవై తొమ్మిదేళ్ళు దీని మీద పడుకుందండి మా అమ్మ. ఆవిడ మాటలు కావివి."

"అయ్యో తాయారూ" అంది సుబ్బాయమ్మ. ఎవరో ఆడవాళ్ళు వచ్చి భుజాలు పట్టుకున్నారు. మంగతాయారు విదిలించుకుంది, అరిచింది. ఎంత అరిస్తే అంత నమ్మకం కుదిరింది జనానికి. అరుగు మీద నిలబడ్డ మొగుడు కనిపించాడు.

"ఏవండీ, మీరైనా చెప్పండి. ఆ రోజు బస్సులో నా పక్కన కూర్చున్నది మీరే కదండీ. మీ అమ్మగారు మీ ఎదురుగానే కదా రాయించింది. మీకు తెలుసు కదండీ."

శ్రీరాములు ఫోను వైపు చూశాడు. మార్కెట్టు వాళ్ళు నలుగురు గుంపులో ఉన్నారు, వాళ్ళ వైపు చూశాడు.

"నాకేం తెలుసు?" అన్నాడు.

ఆ మాట ఎక్కడ విన్నదో మంగతాయారుకి వెంటనే గుర్తొచ్చింది. ఇంక ఆవిడ అరవలేదు. వాళ్ళు నడిపిస్తే లోపలికి నడిచింది.

శనివారం నాడు సుబ్బాయమ్మ ఎవరో స్వామి దగ్గర రాయించిన రక్ష తెచ్చింది. పూజ చేసి, శ్రీరాములే దగ్గరుండి పెళ్ళాం జబ్బకి కట్టాడు. రాగి గొట్టం, నల్లదారం. "ఇదీ ఏలూరు నుంచి వచ్చే గొట్టమేనండి, లోపల కాగితం మారిందంతే" అంది మంగతాయారు. "సరేలే, సరేలే, ఊరుకో" అంటూ ఆయన ముడి బిగించాడు.

ఇప్పుడు కూడా ఆవిడ కొట్టు గుమ్మంలోకి వచ్చి తడిసిన బస్తాలు దించొద్దని అరుస్తుంది. డ్రైవర్లు శ్రీరాములు వైపు చూస్తారు. ఆయన చేత్తో చిన్న సైగ చేస్తాడు. పాపం అనుకుంటూ వాళ్ళు బస్తాలన్నీ దించేసి వెళ్ళిపోతారు.